రివర్సక్క పగడాల దీవి ప్రయాణం

రివర్సక్క అన్న పేరు వినగానే మనిషి తిక్కదనీ, ఎడ్డెమంటే తెడ్డెమనే రకమనీ అనుకునేవారు ఆ కుట్టుమిషన్ల హాల్లోకి కొత్తగా చేరినవాళ్ళు. అదేం కాదు. మిషన్‌కి కుడిచేతి వైపు ఒక చిన్న మీట ఉంటుంది. కుట్టు మొదట్లోనూ చివర్లోనూ దాన్ని నొక్కితే గుడ్డ వెనక్కి నడిచి, కుట్టు మీద కుట్టు పడి గట్టిపడుతుంది. దాన్నే రివర్సు అంటారు. అందరూ ఒకసారి వేసేవారు. చెయ్యి తిరిగినవాళ్ళు రెండుసార్లు వేసేవారు. ఈవిడ మాత్రం మూడుసార్లు వేసేది. పేరు అలా వచ్చింది. ఆ మూడోది ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా ఆవిడ చెప్పేది కాదు.

అక్కడ కుట్టేవి నీళ్ళలో వేసుకునే లైఫ్ జాకెట్లు. రెండో అంతస్తులో పొడుగాటి హాలు, ఇరవై రెండు మిషన్లు, గోడ పొడుగునా నారింజరంగు గుడ్డ తానులు, మూలన మనిషెత్తున స్పాంజి పలకలు. ఆ స్పాంజి పొట్టు జుట్టులో చేరి, ఇంటికెళ్ళి ఎంత దులుపుకున్నా మర్నాడు దువ్వెనలో కనబడేది. గోడగడియారం ఏడు నిమిషాలు ముందుకు నడిచేది. సూపర్‌వైజరు దాన్ని పొద్దున పూట నమ్మేవాడు, సాయంత్రం పూట నమ్మేవాడు కాదు. ఇంట్లో పొయ్యి వెలిగించడానికి అగ్గిపెట్టె వెతుక్కునే ఆడవాళ్ళందరికీ అక్కడ మెడలో తాడుకి కట్టిన లైటరు ఉండేది. జాకెట్లకు వాడేది నైలాన్ దారం. కుట్టు పూర్తయ్యాక కొసను లైటరుతో అంటిస్తే అది కరిగి, ఆవగింజంత గుండై ఆగిపోతుంది. ఇక జన్మలో ఊడదు.

ఆమెను ఆ హాల్లోకి తీసుకొచ్చింది వదిన. అంటే సొంత అన్నయ్య భార్య, ఈమె కన్నా ఆరేళ్ళు పెద్ద. రివర్సక్క భర్త పెళ్ళయిన మూడో ఏడు పనుందని వేరే ఊరు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అది వేరే కథ, చెప్పుకోదగ్గదీ కాదు. అప్పుడు వదిన వచ్చి, ఏడ్చేవాళ్ళకి ఇంట్లో కన్నా మిషన్ దగ్గర బావుంటుందనీ, ఆ చప్పుడులో ఎవరికీ వినబడదనీ చెప్పి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తన పక్క మిషన్ మీదే కూర్చోబెట్టింది. వదిన నడుం పట్టీలూ బకిళ్ళూ కుట్టేది, ఈమె భుజాలు కుట్టేది. రెండు మిషన్లకీ మధ్య మూరెడు దూరం. కరెంటు పోతే మిషన్లు ఆగేవిగాని వదిన నోరు ఆగేది కాదు. సూపర్‌వైజరు గుడ్డ చాలలేదంటే, ఆయన చొక్కా పొట్ట దగ్గర బోలెడు గుడ్డ వృథాగా పోతోందని ఆయన వినేలాగే అనేది. ఆయన పాపం విననట్టే వెళ్ళిపోయేవాడు.

వాళ్ళిద్దరి ఎదురుగా గోడ మీద ఎప్పటిదో పాత క్యాలెండరు ఉండేది. జాకెట్లు కొనేవాళ్ళు పంపింది. అందులో ఒక పగడాల దీవి. కింద ఇసుక కనబడేంత తేట నీళ్ళు, వాటి మీద గాలి ట్యూబుల్లో పడుకున్న మనుషులు, అందరి ఒంటి మీదా నారింజరంగు జాకెట్లు. సంవత్సరం దాటిపోయినా ఎవరూ దాన్ని తీసెయ్యలేదు. పదిన్నర టీ వేళకు వదినా ఆడపడుచులు ఆ బొమ్మలో తాము ఎక్కడ నిలబడాలో కూడా వాటాలు వేసుకున్నారు. వదినకి చెట్టు నీడ, ఈమెకి నీళ్ళు. ఎప్పటికైనా వెళ్ళాలని గట్టిగానే అనుకున్నారు. ఆ రోజులు తలుచుకుంటే రివర్సక్కకి ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి.

ఆ సరదా మీద మన్ను పోసింది ఒక శనివారం. ఆదివారం పొద్దున్నే ఓడకెక్కాల్సిన సరుకు, అదీ సరిగ్గా ఆ క్యాలెండరు దీవికే. నలభై జాకెట్లకు భుజాలు కుట్టాల్సి ఉండగా నైలాన్ దారం అయిపోయింది. సూపర్‌వైజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వదిన గబగబా కింది అంతస్తుకు వెళ్ళి, సంచులు కుట్టే విభాగం నుంచి అదే నారింజరంగు దారం రీలు ఒకటి తెచ్చి ఈమె మిషన్ మీద పెట్టింది. ఈమె చూసుకోకుండా ఎక్కించి కుట్టేసింది. కొసలు కాల్చే తీరిక లేదు, కత్తెరతో కత్తిరించి పారెయ్యమన్నాడు సూపర్‌వైజరు. ఆరయ్యేసరికి అట్టపెట్టెలు మెట్లు దిగిపోయాయి.

సోమవారం పొద్దున అదే రీలుతో ఒక కుట్టు వేసి, అలవాటుగా లైటరు అంటించింది. దారం కరగలేదు. చిన్న మంటతో మండి, బూడిదై రాలింది. కాగితం కాలిన వాసన వేసింది. అది నూలు దారం. సంచులకైతే భేషుగ్గా ఉంటుంది, సముద్రంలో మాత్రం ఉప్పునీళ్ళలో నాని, ఎండకి ఎండి చివికిపోతుంది. భుజం ఊడితే జాకెట్టు నీళ్ళ మీద తేలుతుంది, మనిషి కింద నుంచి జారిపోతాడు. ఆమె రీలు తీసి డ్రాయరులో అడుగున పెట్టింది. లేచి చెప్పేద్దామనుకుంది. అప్పటికి అన్నయ్యకు పని పోయి నాలుగు నెలలు, రెండిళ్ళూ ఆ రెండు మిషన్ల మీదే నడుస్తున్నాయి. తన పని పోతే పోయింది, దారం తెచ్చింది వదిన కదా, ఆవిడదీ పోతుంది. పాపం వదినకి ఇది తెలియదు, తెలియకూడదు అనుకుంది. రేపు చెబుదామని ఆ రోజు ఊరుకుంది. రేపు కూడా ఊరుకుంది. తప్పు చేసిన రోజు కన్నా అలా ఊరుకున్న రోజులే ఆమెను ఎక్కువ తిన్నాయి.

ఆ వారం నుంచే మూడో రివర్సు మొదలైంది. వార్తల పిచ్చి కూడా అప్పుడే పట్టుకుంది. పనికి వస్తూ టీకొట్టు దగ్గర ఆగి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది. కొట్టువాడు ఈవిడ ఏదో పెద్ద పరీక్షకు చదువుతోందనుకున్నాడు. ఆమె వెతికేది ఒక్కటే. ఆ దీవి దగ్గర ఎవరైనా నీళ్ళలో పోయారా అని. ఎప్పుడూ కనబడలేదు. కనబడకపోతే జరగలేదనడానికి లేదు కదా, దూరపు దీవిలో ఒక మనిషి పోతే ఈ ఊరి పేపరు వాడికేం పట్టింది.

ఏటా వేసవి రాగానే వదిన దీవి మాట ఎత్తేది. ఈ ఏడు వద్దులే, కాళ్ళు లాగుతున్నాయనో, వానలు ముందే వస్తాయంటున్నారనో ఈమె ఏదో ఒకటి చెప్పేది. కొట్టువాడు పావుకిలోకి నాలుగు గింజలు తక్కువ తూస్తే ఒంటికాలి మీద లేచే వదిన, ఈ ఒక్క విషయంలో మాత్రం సరేలే అని వెంటనే ఊరుకునేది. అది వింతే. కాని రివర్సక్క తన గొడవలో తానుండి ఆ వింతను పట్టించుకోలేదు.

అలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. క్యాలెండరు రంగు వెలిసి, నీళ్ళూ ఆకాశమూ ఒకటే అయిపోయాయి. పోయినేడు ఆ కుట్టుహాలే మూతపడింది. మిషన్లు ఒక్కొక్కటీ మెట్లు దిగి వెళ్ళిపోతుంటే ఇద్దరూ కింద నిలబడి చూశారు. ఇప్పుడక్కడ మంచాలూ పరుపులూ అమ్ముతున్నారు. పదిన్నరకి ఇంట్లో టీ పెట్టుకుని తాగుతుంటే ఆ రుచి రావడం లేదని రివర్సక్క అన్నయ్యతో చాలాసార్లు చెప్పింది. అక్కడి టీ నిజానికి గొప్పదేమీ కాదు, వేడినీళ్ళకు వేలు విడిచిన చుట్టం.

ఆ మధ్య వదినకు మోకాలి ఆపరేషన్ అయింది. కోలుకుని నడవడం మొదలుపెట్టగానే ఎవరినీ అడక్కుండా ఇద్దరికీ దీవికి టిక్కెట్లు తీసేసింది. ఈమె కాదూ కూడదంది. వదిన ఈసారి ఊరుకోలేదు. "మనం కుట్టినవన్నీ సముద్రాలు చుట్టొచ్చాయి, మనం మాత్రం వీధి చివర దాకా కూడా వెళ్ళలేదు. ఒక మోకాలు బాగైంది, రెండోది పాడయ్యేలోగా పద," అంది. ఆవిడ వేళాకోళంగానే అంది గాని ముఖంలో నవ్వు లేదు. అన్నయ్య మాత్రం మొక్కలకు నీళ్ళు పోసే బాధ్యత తనదని సంతోషంగా ఇంట్లో ఉండిపోయాడు.

దీవి క్యాలెండరులో కన్నా చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పూటైనా పట్టదు. నీళ్ళు మాత్రం బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. ఒడ్డు దగ్గర పాలిపోయిన పచ్చ, కొంచెం లోపల నీలం, పగడపు దిబ్బ ఉన్నచోట ముదురు మచ్చలు. మొదటి రోజంతా వదిన నీళ్ళను వదల్లేదు. తొక్కుడు పడవ ఎక్కి, తొక్కే పని పక్కన కూర్చున్న ఎవరో పెద్దమనిషికి అప్పగించి, తను చుక్కాని పట్టుకుంది. స్పీడ్ బోటు వెనక తాడుకు కట్టి లాగే గాలి ట్యూబు ఎక్కుతానని పట్టుబడితే, మోకాలి మచ్చ చూసి ఆ పడవవాడు దండం పెట్టాడు. రివర్సక్క మాత్రం ఇసుకలో కూర్చుని, నీళ్ళలోంచి వచ్చే ప్రతి మనిషి భుజాల వైపూ చూస్తూ పొద్దు పుచ్చింది. ముఖాలు ఒక్కటీ గుర్తులేవు, కుట్లన్నీ గుర్తున్నాయి.

రెండో రోజు పొద్దున ఇద్దరూ రేవు పక్కనున్న జాకెట్ల గదికి వెళ్ళారు. రేకుల కప్పు, మూడు గోడల పొడుగునా వెదురు దండేలు, వాటికి వరసగా జాకెట్లు, నేల మీద తడి చెప్పుల ముద్రలు. ఆ గది చూసుకునే పెద్దాయనకు అరవై దాటాయి. ఎండకు కమిలిన ముఖం, చెవిలో దూది. రివర్సక్క ఒక జాకెట్టు తీసి, భుజం తిరగేసి, గోటితో కుట్టు గీరి చూసి మళ్ళీ తగిలించింది. ఇంకోటి తీసింది. పదో జాకెట్టుకి ఆయనకు ఓపిక పోయింది.

"అమ్మా, ఇవి కొనుక్కుపోడానికి కాదు. కట్టుకుని నీళ్ళలో దిగడానికి," అన్నాడు.

ఆమె తను జాకెట్లు కుట్టినదాన్నని చెప్పింది. ఏ కంపెనీ అని ఆయన అడిగాడు. చెప్పింది. ఆయన చేతిలో ఉన్న తువ్వాలు బల్ల మీద పెట్టేశాడు. ఆ కంపెనీ జాకెట్లు చాలా ఏళ్ళు వాడామనీ, మంచివేననీ, ఒక్క విడత మాత్రం తమను చావగొట్టిందనీ అన్నాడు.  అడగడానికే ఇంత దూరం వచ్చానని రివర్సక్కకు ఆ క్షణంలోనే తెలిసింది.

"ఎవరైనా పోయారా?" అంది.

పెద్దాయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముందు తమ రేవు పద్ధతి చెప్పాడు. కొత్త జాకెట్లు ఎంత మంచి చోటు నుంచి వచ్చినా నెల రోజుల దాకా మనిషి ఒంటికి తగలనివ్వరు. ఉప్పునీళ్ళ తొట్టిలో రాళ్ళు పెట్టి నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెడతారు. నెల తరవాత ఇద్దరు మనుషులు చెరో భుజం పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగుతారు. ఆ విడతలో మొదటి జాకెట్టు లాగగానే భుజం ఆయన చేతిలోకి వచ్చేసింది, ఆయన వెళ్ళి వెల్లకిలా తొట్టిలో పడ్డాడు. దారం చూశాడు. వాళ్ళ నాన్న కాలంలో వలలు నూలువే, ఉప్పునీళ్ళలో నూలు ఎన్నాళ్ళు ఆగుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా. పెట్టెలన్నీ తిరగేస్తే నలభై తేలాయి. తిప్పి పంపుదామంటే సరుకు తెచ్చే ఓడ మళ్ళీ మూడు నెలలకు గాని రాదు, చూస్తే జనం వచ్చే కాలం. అందుకని ఆయనా ఆయన భార్యా కూర్చుని నలభై జాకెట్లకూ వల దారంతో చేత్తో భుజాలు కుట్టారు. ఇరవై రోజులు పట్టింది, ఇక కంపెనీకి రాయాలన్న మాటే మరిచిపోయారు.

"అప్పట్లో మా ఆవిడకీ నాకూ మాటల్లేవు. ఎందుకు పోట్లాడుకున్నామో ఇప్పుడు అడిగితే ఇద్దరికీ గుర్తులేదు. ఎదురెదురుగా కూర్చుని ఒకే జాకెట్టు పట్టుకుని కుట్టాలి కదా, ఎన్నాళ్ళని నోరు మూసుకుంటాం? ఆ కుట్టినవాళ్ళను తిట్టడంతో మొదలుపెట్టాం. ముందు ఆవిడ తిట్టింది, తరవాత నేను తిట్టాను. అలా మాట కలిసింది," అని ఆయన నవ్వాడు. నవ్వు ఆపి, "పోలేదమ్మా. ఎవరూ పోలేదు. ఆ నూలు కుట్టుతో అసలు ఒక్కటీ ఎవరి ఒంటి మీదికీ వెళ్ళలేదు," అన్నాడు.

రివర్సక్క దండెం పట్టుకుని నిలబడింది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె లోపల ఒక మనిషి నీళ్ళలోకి జారిపోతూనే ఉన్నాడు. ఒక్కో ఏడు మగవాడు, ఒక్కో ఏడు పసిపిల్ల. ఆ మనిషి లేడు. ఎప్పుడూ లేడు. ఏడుపొస్తుందనుకుంది గాని రాలేదు, హాయిగా అనిపించింది. అంత హాయి ఆమెకు పెళ్ళప్పుడు కూడా కలగలేదు.

అప్పుడు వెనక బల్ల మీద కూర్చున్న వదిన గొంతు వినబడింది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గడుసుతనం లేదు.

"ఒక్కరు కూడానా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఒక్కరు కూడా పోలేదా?"

పెద్దాయన లేదన్నాడు. వదిన రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మాటకు ముందు నవ్వు వచ్చే మనిషి, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. ఏడ్చేవాళ్ళను మిషన్ల చప్పుడులో కూర్చోబెట్టిన ఆవిడ ఏడుపు, ఏ చప్పుడూ లేని ఆ గదిలో పూర్తిగా వినబడింది. రివర్సక్క బిత్తరపోయి చూసింది. పెద్దాయన తువ్వాలు తీసుకుని, తొట్లు చూసుకోవాలంటూ బయటికి నడిచాడు.

"నీకు తెలుసా, వదినా?"

"సోమవారం నువ్వు కొస కాల్చావు. బూడిద రాలింది. రీలు డ్రాయరులో దాచావు. మూరెడు దూరంలో కూర్చున్నాను, నాకు కనబడదా?" అంది వదిన, ముక్కు చీదుకుంటూ. "తెచ్చిచ్చిన చెయ్యి నాది. నీకు ధైర్యం వచ్చి చెప్తావేమోనని రోజూ చూశాను. నువ్వు చెప్తే నేనూ లేచి నిలబడదామనుకున్నాను. నువ్వు చెప్పలేదు. నా వల్లే కదా చెప్పలేకపోతోంది, ఇంక నేనేం మొహం పెట్టుకుని అడగను?"

రివర్సక్క ఆవిడ పక్కన కూర్చుంది. ఏటా వేసవిలో ఈ దీవి మాట ఎందుకు ఎత్తేదో, వద్దంటే అంత తేలిగ్గా ఎందుకు ఊరుకునేదో అప్పుడర్థమైంది. వదినకి రావాలనీ ఉండేది, రావాలంటే భయమూ ఉండేది. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చేముందు ఆవిడకి అన్నయ్య గుర్తురాలేదట, ఈ నలభై జాకెట్లు గుర్తొచ్చాయట. బతికి లేస్తే ముందు ఇక్కడికే రావాలనుకుందట. అన్నయ్యకు ఈ మాట చెప్పొద్దని కూడా అంది.

కాసేపటికి పెద్దాయన తిరిగొచ్చాడు. రివర్సక్క లేచి నిలబడి, ఆ నలభై కుట్టింది తనేనని చెప్పింది. వదిన కూర్చునే, దారం తెచ్చింది తనేనని కూడా రాసుకోమంది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తిట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్నాడు. చివరికి, తిట్లన్నీ ఆ రోజుల్లోనే అయిపోయాయన్నాడు. రెండు జాకెట్లు తీసి, తానే వంగి ఇద్దరికీ పట్టీలు బిగించి, భుజాలు పట్టుకుని పైకి లాగి చూశాడు. కళ్ళకు అద్దాలూ నోట్లోకి గొట్టాలూ ఇచ్చి, ఊపిరి ఎలా పీల్చాలో చెప్పి, దిబ్బ దాకా కట్టిన తాడు చూపించాడు.

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మొదటిసారి ముఖం ముంచగానే వదిన ఉప్పునీళ్ళు మింగి, దగ్గి, గొట్టం కనిపెట్టినవాడి వంశాన్నంతా తలుచుకుంది. రెండోసారి కుదిరింది. ఇద్దరూ ఒక చేత్తో తాడూ, ఇంకో చేత్తో ఒకరి చెయ్యొకరూ పట్టుకుని బోర్లా తేలారు. కింద పగడాలు. కొన్ని గోబీపువ్వుల్లా గుండ్రంగా, కొన్ని ఎండుకొమ్మల్లా, ఊదా, పసుపు, ఇటుకరంగు. వాటి సందుల్లో చారల చేపలు గుంపుగా ఒకే వైపు తిరిగేవి, మళ్ళీ ఇంకో వైపు తిరిగేవి. చేప కనబడిన ప్రతిసారీ వదిన చెయ్యి గట్టిగా నొక్కేది. ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. జాకెట్టు ఆమెను పైకి పట్టుకునే ఉంది. జీవితమంతా ఇవి కుట్టిందే గాని, ఇది మనిషిని ఇలా ఎత్తి పట్టుకుంటుందని ఆమెకు తెలియదు. సరదాగా ఉంది. చాలా సరదాగా ఉంది. మధ్యాహ్నం కయాక్ అనే సన్నటి పడవ కూడా ఎక్కాలని అక్కడే అనుకుంది.

అలా తేలుతుండగానే ఆమెకు కుట్టుహాలు గుర్తొచ్చింది. స్పాంజి పొట్టు, ముందుకు నడిచే గడియారం, చల్లారిపోయే టీ. అన్నేళ్ళు ఒకే భయాన్ని ఇద్దరూ చెరో మిషన్ దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క మాట అనుకుని ఉంటే సగం సగం మోసేవారు. వెనక్కి వెళ్ళే వీలుంటే ఆమె పని కోసమో, వయసు కోసమో వెళ్ళదు. ఆ ఒక్క సోమవారానికి వెళ్ళి, తల పక్కకి తిప్పి, వదినా అని పిలుస్తుంది. ఆ మిషన్లు లేవు, ఆ హాల్లో పరుపులు అమ్ముతున్నారు, ఆ సోమవారం ఇక రాదు. అది తలుచుకోగానే, అద్దాల లోపల కళ్ళు నిండిపోయి పగడాలు మసకబారాయి.

నీళ్ళలోంచి ముఖం పైకెత్తి, గొట్టం తీసేసి, తల పక్కకి తిప్పింది.

"వదినా," అంది.

వదిన కూడా ముఖం పైకెత్తింది. అద్దం నొక్కుకుని ముక్కు ఎర్రబడి ఉంది, తడిజుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"చెప్పవే," అంది. "వింటున్నాను."